అమ్మమ్మ అల్లిన లేసు పూలతో క్రిస్మస్ కార్డులు: పండగయ్యాక కూడా ఏటా చెట్టుకి కట్టుకునేలా ఎలా చేయాలి?

పేరుపాలెం పిల్ల

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మది నరసాపురం దగ్గర చిన్న ఊరు. పెళ్లయి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ క్రోషా సూదితో లేసు అల్లుతూనే ఉంది. ఇంటి పనంతా అయ్యాక మధ్యాహ్నం అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని అల్లుకునేవాళ్లు. ఇప్పుడు వేళ్లు బిగుసుకుపోయి సూది పట్టలేకపోతోంది. మొన్న వెళ్లినప్పుడు మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా తీయించింది. నిండా లేసు పూలే. ఎప్పుడో ఒక పెద్ద టేబుల్ క్లాత్ కోసం చేసిన చేతిపని (విడివిడిగా పూలు అల్లడం) అట. అతుకుపనికి, అంటే పూలన్నీ కలిపి గుడ్డగా అతకడానికి, వెళ్లకముందే ఆర్డరు ఆగిపోయింది, ఏజెంటు మళ్లీ ఇటు రాలేదు, పూలు అలాగే ఉండిపోయాయి. "నాకెందుకే ఇవి, నువ్వేమన్నా చేసుకో" అని నా ఒళ్లో పెట్టేసింది.

పువ్వు ఎలా ఉంటుందో చెప్తాను. మధ్యలో చిన్న కన్ను, దాని చుట్టూ పన్నెండు పొడుగు కుట్లు, వాటి మీద ఆరు రేకలు. ఒక్కో రేక కొసన మూడు చైన్లతో (గొలుసు కుట్లతో) చిన్న మొన. వెడల్పు రెండంగుళాలు ఉంటుందేమో. వెనక్కి తిప్పి ఎంత వెతికినా దారం ఎక్కడ తెంచిందో దొరకదు, కొసని కుట్ల లోపలికి తోసి దాచేసింది. పైకెత్తి పట్టుకుంటే అచ్చం నక్షత్రమే. అక్కడే నాకు ఆలోచన వచ్చింది.

అమ్మమ్మకి ఐదుగురు పిల్లలు. తణుకులో ఒకరు, రాజమండ్రిలో ఒకరు, హైదరాబాద్‌లో మేమూ మా పిన్నీ, మా చిన్న మావయ్య మెల్బోర్న్‌లో. మనవలకి కూడా పెళ్లిళ్లయ్యాయి. ఈ క్రిస్మస్‌కి ప్రతి ఇంటికీ నా చేత్తో చేసిన కార్డు ఒకటి పంపాలని ఉంది. కార్డు మీద అమ్మమ్మ పువ్వు ఉండాలి. పండగయ్యాక ఆ పువ్వు విడిగా వచ్చేయాలి. వచ్చే ఏడాదీ, ఆ పై ఏడాదీ, మా పిల్లల పిల్లలు కూడా దాన్ని చెట్టుకి కట్టుకోవాలి. మామూలు గ్రీటింగ్ కార్డులా నాలుగు రోజులు టీవీ పక్కన నిలబెట్టి ఆ తర్వాత పాత పేపర్లలో పడేసేలా ఉండకూడదు.

కొన్ని సామాన్లు కొనేశాను: ముదురు నీలం చార్టు షీట్లు (రాత్రి ఆకాశంలా ఉంటుందని), గ్లూ గన్, బంగారు రంగు గ్లిట్టర్, జరీ దారం. కింద యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ వేసి, పైకప్పుకి నిజం వరిగడ్డి అతికిద్దామని కొంచెం తెచ్చుకున్నాను.

తేలనివి చాలానే ఉన్నాయి. పువ్వుని అతికించాలా, కుట్టాలా? మెత్తగా ఉంది, వేలాడదీస్తే రేకలు ముడుచుకుపోతున్నాయి, బిరుసుగా నిలబడాలంటే ఏం చేయాలి? డబ్బా తుప్పుకి కొన్ని పూల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి, పోతాయా? పోస్టులో నలగకుండా వెళ్తాయా? డబ్బాలో ఉన్నవి అయిపోతే మళ్లీ అల్లే చెయ్యి లేదు, అందుకే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కాగితప్పడవ, హైదరాబాద్

చాలా మంచి ఆలోచన. నేను కాగితం పని చేస్తాను, లేసు సంగతి అంతగా తెలీదు. కార్డు గురించి మాత్రం ధైర్యంగా చెప్పగలను.

చార్టు షీటు వద్దండీ. చవక కాగితంలో చెక్కలో ఉండే లిగ్నిన్ మిగిలిపోతుంది, గాలీ వెలుతురూ తగిలితే పసుపెక్కి పెళుసుబారుతుంది. న్యూస్ పేపరు ఎండలో రెండ్రోజులుంటే ఏమవుతుందో చూసే ఉంటారు కదా, అదే. ఆర్ట్ సామాన్ల షాపులో వాటర్ కలర్‌కి వాడే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందపాటి) కాగితం అడగండి. యాసిడ్ ఫ్రీ అని ప్యాక్ మీద రాసి ఉండాలి. దొరికితే నూటికి నూరు శాతం కాటన్ కాగితం తీసుకోండి, ధర ఎక్కువే కానీ మీకు కావాల్సింది కొన్ని షీట్లే. మడత పెట్టే ముందు స్కేలు ఆనించి, రాయడం మానేసిన బాల్ పెన్నుతో గట్టిగా గీత గీయండి. అప్పుడు ఎంత మందం కాగితమైనా పగలకుండా మడత పడుతుంది.

గ్లూ గన్ పక్కన పెట్టేయండి. మే నెలలో అటక మీద వేడికి ఆ జిగురు మెత్తబడి పట్టు వదిలేస్తుంది. సెల్లో టేపు అసలే వద్దు, కొన్నేళ్లకి పసుపు జిడ్డు కాగితం లోపలికి దిగుతుంది, ఆ మరక మళ్లీ పోదు. గ్లిట్టర్ కూడా లేసు కన్నాల్లో ఇరుక్కుంటే ఎంత దులిపినా రాదు.

పువ్వు బిరుసుగా నిలబడాలంటే ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి అందులో ముంచి, పిండి, పాలిథిన్ కవరు మీద పరిచి ఆరబెట్టండి. నేను దారం బొమ్మలకి అదే వాడతాను, అట్టలా నిలబడతాయి.

పూలు తక్కువ పడితే ఒక ఉపాయం ఉంది. జర్మనీలో కిండర్‌గార్టెన్ బడి మొదలుపెట్టిన ఫ్రోబెల్ పేరు మీద ఒక కాగితం నక్షత్రం ఉంది. నాలుగు కాగితం పట్టీలు ఒకదాన్లో ఒకటి దూర్చి అల్లడమే. జిగురు చుక్క కూడా అక్కర్లేదు, అందుకే విడిపోదు. పట్టీ వెడల్పుకి ముప్పై రెట్ల దాకా పొడవుంటే చేతికి సులువుగా వస్తుంది. పెళ్లి శుభలేఖల లోపలి కాగితాలు కత్తిరించుకున్నా సరిపోతాయి. చిన్న పిల్లలున్న ఇళ్లకి అది పంపండి, అమ్మమ్మ పూలు పెద్దవాళ్లకి పంపండి.

అల్లికల అత్తయ్య, పాలకొల్లు

అమ్మాయ్, ముందు ఆ ఫెవికాల్ సీసా మూత పెట్టెయ్. కాగితప్పడవ గారూ, మీరు కాగితం గురించి చెప్పిందంతా నిజం, నాకూ పనికొచ్చింది. మీరు చెప్పినట్టు దారం బొమ్మలకి ఫెవికాల్ బాగానే ఉంటుంది. మీ అమ్మమ్మ పూలకి మాత్రం వద్దు.

ఎందుకో చెప్తాను. అది నూలు దారం. నూలుకి ఉన్న గొప్ప గుణమే ఉతకగలగడం. మురికి పడితే ఉతుకుతాం, మచ్చ పడితే తీస్తాం, వంకర పోతే తడిపి మళ్లీ సాపు చేస్తాం. నా పెళ్లికి మా అత్తగారు ఇచ్చిన లేసు గుడ్డ ఇప్పటికీ మా టీపాయ్ మీద ఉంది, అన్నేళ్లుగా ఉతుకుతూనే ఉన్నాం. ఒకసారి ఫెవికాల్ పట్టిస్తే ఆ దారం ఇంక ఉతుక్కి రాదు. దుమ్ము ఆ పొర మీద కూర్చుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, వంగితే విరుగుతుంది. నీ మనవరాలు దాన్ని బాగు చేసుకుందామన్నా చేయలేదు. అందుకని ఈ పూలకి నువ్వు చేసే పని ఏదైనా సరే, తర్వాతివాళ్లు విప్పి మళ్లీ చేసుకోగలిగేలా ఉండాలి. అతికించకు, ముడి వెయ్యి. జిగురు వద్దు, గంజి పెట్టు.

ముందు శుభ్రం చేయడం. తుప్పు మచ్చలకి బ్లీచింగ్ గానీ, తెల్లబట్టలకి వాడే క్లోరిన్ మందు గానీ తాకనివ్వకు. తుప్పు ఇంకా గట్టిపడుతుంది, దారం బలం పోతుంది. బాగా మచ్చపడ్డ పువ్వు ఒకటి తీసుకుని దాని మీద ముందు చూడు. మచ్చ మీద నిమ్మరసం పిండి, పైన ఉప్పు చల్లి, ఎండలో పెట్టు. ఆరిపోనివ్వకుండా మధ్యమధ్య రసం చుక్కలు వేస్తూ ఉండు. మచ్చ పలచబడగానే నీళ్లు మార్చి మార్చి జాడించు, పులుపు దారంలో మిగలకూడదు. ఒక్కసారికి పూర్తిగా పోకపోతే మర్నాడు మళ్లీ చెయ్యి. చివరకి లేత మచ్చ మిగిలితే మిగలనీ, దాని కోసం దారాన్ని చంపకు.

పసుపెక్కిన వాటికి ఇంత కూడా అక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు పొడి కలిపి రాత్రంతా నాననివ్వు. పొద్దున్న నీళ్లు టీ రంగులో ఉంటాయి. అవి పారబోసి మళ్లీ మంచినీళ్లు పొయ్యి. పిండకు, మెలితిప్పకు. తువ్వాలు మీద పరిచి పైన ఇంకో తువ్వాలు వేసి అరచేత్తో నొక్కు.

ఇప్పుడు గంజి. సగ్గుబియ్యం గంజి తెల్లగా, మరక లేకుండా ఉంటుంది. గుప్పెడు సగ్గుబియ్యం నీళ్లలో ఉడికించి, గింజ కరిగాక పలచటి గుడ్డలో వడకట్టు. వేళ్ల మధ్య జిగురుగా తగలాలి కానీ సాగకూడదు. సాగుతుంటే ఇంకొంచెం వేణ్ణీళ్లు పొయ్యి. పువ్వుని ముంచి తీసి తువ్వాల్లో అద్ది, థర్మోకోల్ అట్ట మీద పాలిథిన్ పరిచి, దాని మీద పెట్టు. ముందు నడిమి కన్నులో గుండుసూది. తర్వాత ఎదురెదురు రేకలు లాగి ఒక్కో మొన దగ్గర ఒక్కో సూది. పక్కపక్కవి వరసగా లాగావంటే పువ్వు ఒక వైపుకి గుంజుకుపోతుంది, ఎదురెదురుగా లాగితేనే గుండ్రంగా వస్తుంది. ఆ మూడు చైన్ల మొనని వేలిగోటితో బయటికి తీసి సూది గుచ్చు, అక్కడే మీ అమ్మమ్మ పనితనం కనపడుతుంది. సూదులు కొత్తవి, తుప్పు పట్టనివి అయి ఉండాలి. ఫ్యాన్ కింద ఆరాక తీసెయ్. తడి మీదున్న సూది రాత్రంతా ఉంటే మళ్లీ తుప్పు మచ్చే.

గంజికి ఒక చిక్కుంది, అది కూడా చెప్పాలి. గంజి పెట్టిన లేసుని అలాగే పెట్టెలో దాస్తే బొద్దింకలు, సిల్వర్ ఫిష్ పురుగులు వచ్చి గంజితో పాటు దారం కూడా కొరికేస్తాయి. మన గోదావరి చెమ్మకి బూజు కూడా పడుతుంది. అందుకని ప్రతి కార్డులోనూ ఒక చీటీ పెట్టు: "సంక్రాంతి లోపు దీన్ని చెట్టు మీంచి తీసి, గోరువెచ్చటి నీళ్లలో గంజి పోయేదాకా నానబెట్టి, ఆరబెట్టి, పాత తెల్ల పంచె ముక్కలో చుట్టి దాచండి. డిసెంబరులో మళ్లీ గంజి పెట్టండి." ఇది నేనేం కొత్తగా కనిపెట్టింది కాదు. నూలు చీరలకి ఇళ్లల్లో చేసుకునే పనే కదా. పాలిథిన్ కవర్లో గానీ న్యూస్ పేపర్లో గానీ చుట్టొద్దని కూడా రాయి. కలరా ఉండలు వేస్తే గుడ్డ మూటలో కట్టి ఓ మూల పెట్టమను, లేసుకి తగలకూడదు.

కార్డుకి ఎలా పట్టించాలంటే, నీలం చార్టు నువ్వే పరీక్ష చేసి చూడు. తడిపిన దూది దాని మీద రుద్దు, నీలం దిగితే అది నీ తెల్ల పువ్వుకి కూడా దిగుతుంది. నా మాట వింటే మీ అమ్మమ్మ పాత నేత చీర ఒకటి అడుగు. వంద ఉతుకులు తిన్న చీరకి దిగాల్సిన రంగు ఎప్పుడో దిగిపోయింది. ఆకాశం నీలమో, మెరూనో, ఏది ఉంటే అది. కార్డు లోపలివైపు నుంచి చతురస్రంగా కిటికీ కోసి, దాని వెనక చీర ముక్క పెట్టి, నాలుగు వైపులా కాగితానికి పెద్ద పెద్ద టాకాలు వెయ్యి. ఆ చీర ముక్క మీద పువ్వు నిలబడుతుంది. కాగితానికి ముందే సూదితో కన్నాలు చేసుకో, లేకపోతే కుట్టేటప్పుడు చిరుగుతుంది.

పువ్వుకి రెండు చోట్ల మాత్రమే దారం వెయ్యి, పై మొన దగ్గర, కింది మొన దగ్గర. దారం రెండు కొసలూ వెనక్కి తీసి జారుముడి వెయ్యి. పండగ రోజు కొస పట్టుకుని లాగితే ముడి విడిపోయి పువ్వు చేతికి వస్తుంది, కత్తెర కూడా అక్కర్లేదు. పై మొనకి పువ్వు దారమంత మందమే ఉన్న నూలు దారంతో వేలాడదీసే ఉచ్చు ముందే కట్టి పువ్వు వెనక దాచెయ్. జరీ దారం వాడకు. సముద్రపు గాలికి అది నల్లబడుతుంది, పచ్చటి చిలుము వస్తుంది, అది లేసుకి అంటుకుంటుంది. ఇనప తీగ కూడా వద్దు, తుప్పు పడుతుంది.

పేరుపాలెం పిల్ల

అత్తయ్య గారూ, మీ పోస్టు ప్రింట్ తీసి వంటగదిలో అంటించుకున్నాను. నిమ్మరసం ఉప్పు పని చేసింది! ఒక పువ్వు మీద మచ్చ దాదాపు పోయింది. ఇంకోదాని మీద లేతగా మిగిలింది, మీరు చెప్పినట్టే వదిలేశాను. కాగితప్పడవ గారూ, కాటన్ కాగితం కొన్నాను, మడత భలే పదునుగా వచ్చింది. ఫ్రోబెల్ నక్షత్రం మా పాప నా కంటే ముందే నేర్చుకుంది.

ఇంకో రెండు సంగతులు. అమ్మమ్మతో ఫోన్లో చెప్తే, "కార్డు మీద నేను కూడా ఓ ముక్క రాస్తా" అంది. చెయ్యి వణుకుతుంది కానీ రాయగలదు. ఏ పెన్నుతో రాయించాలి? ఇంకా, కొన్ని పూలకి రేక దగ్గర దారం తెగి ఉంది. వాటిని పక్కన పెట్టేయాలా? అవి తీసేస్తే ఇళ్లకి సరిపడా పూలు రావు.

పాత పోస్టుబాబు, రాజమండ్రి

తపాలా పనిలో రిటైరయ్యాను. పోస్టు గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా.

పల్చటి లేసు పువ్వు మామూలు కవర్లో బాగానే వెళ్తుంది. చిక్కంతా పూసలు, మందపు ముడులు, బొత్తాలు పెట్టినప్పుడే. కవరు మీద ముద్ర పడేటప్పుడూ, కట్టలు కట్టేటప్పుడూ ఆ ఎత్తు ఉన్నచోటే దెబ్బ తగులుతుంది, కవరు చిరుగుతుంది. జారుముడి అంటున్నారు కాబట్టి అది కార్డు అంచుకి దగ్గరగా కాకుండా మధ్యలో వచ్చేట్టు చూసుకోండి. కార్డు ముందొకటి, వెనకొకటి గట్టి అట్టలు పెట్టి కవర్లో వేయండి. పువ్వుకీ అట్టకీ మధ్య తెల్ల కాగితం ఒకటి ఉండాలి. మామూలు పోస్టులో కవరు బరువు 20 గ్రాములు దాటితే స్టాంపు పెరుగుతుంది, అట్టలు పెడితే దాటుతుంది, కౌంటర్లో తూకం వేయించండి. తక్కువ స్టాంపుతో పంపితే తీసుకునేవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేస్తారు, పండగ పూట అది బాగోదు.

మీరు పంపేది మళ్లీ దొరకని వస్తువు. ఆర్డినరీలో వేయకండి. ఇదివరకు ఇలాంటి వాటికి రిజిస్టర్డ్ పోస్టు చేయమనేవాళ్లం. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టు చేసి రసీదు నంబరు దగ్గర పెట్టుకోండి. కవరు ఎక్కడిదాకా వెళ్లిందో ఫోన్లో చూసుకోవచ్చు. అడ్రసులో పిన్ కోడ్, తీసుకునేవాళ్ల ఫోన్ నంబరు తప్పకుండా రాయండి.

తణుకు, రాజమండ్రి, హైదరాబాద్‌లకి డిసెంబరు మొదటి వారం చాలు. మెల్బోర్న్‌ది నవంబరు దాటనివ్వకండి. కవర్లో వస్తువు ఉంది కాబట్టి కస్టమ్స్ డిక్లరేషన్ ఇవ్వాలి. "చేత్తో అల్లిన నూలు లేసు, బహుమతి" అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

యారా నది ఒడ్డున

మెల్బోర్న్ నుంచి రాస్తున్నాను, మీ మావయ్య గారి ఊరే. దయచేసి ఆ వరిగడ్డి మాత్రం ఇక్కడికి పంపే కార్డుకి అతికించకండి. ఆస్ట్రేలియాలో బయటి నుంచి వచ్చే మొక్కల సంబంధమైన వస్తువుల మీద చాలా గట్టి నిబంధనలు ఉన్నాయి. గడ్డి, గింజలు, ఎండు ఆకులు, పూలు, బెరడున్న చెక్క, పైన్ కాయలు, ఇవేవీ పోస్టులో రాకూడదు. కనపడితే ఆపేస్తారు, కవరుతో సహా పోయే ప్రమాదం ఉంది. ఇక్కడి పొలాలకి బయటి పురుగులు, తెగుళ్లు రాకుండా అలా చూసుకుంటారు. శుభ్రం చేసిన నూలు లేసుకి, కాగితానికి ఇబ్బంది లేదు. పాక పైకప్పు కావాలంటే గోధుమరంగు నూలు దారం పోగులు వరసగా కుట్టేయండి. గడ్డి కంటే అదే ఎక్కువ కాలం ఉంటుంది కూడా. ఆ మాటకొస్తే గడ్డి మన దగ్గర కూడా పురుగుని పిలుస్తుంది కదా.

ఇంకో విషయం. ఇక్కడ క్రిస్మస్ నడి వేసవిలో వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి గానీ చీకటి పడదు. చాలామంది చెట్టుని కిటికీ పక్కన పెడతారు. ఆ ఎండకి చీర ముక్క రంగు వెలిసిపోతుంది. నూలు కూడా నెల్లాళ్లు నేరుగా ఎండ తగిలితే బలహీనపడుతుంది. మీ మావయ్య గారికి రాసే చీటీలో "కిటికీ వైపు కొమ్మకి కట్టొద్దు" అని ఒక మాట చేర్చండి.

మా ఇంట్లో ప్లాస్టిక్ చెట్టే. దాని మీద షాపులో కొన్న బంతులు, గంటలు చాలా ఉన్నాయి. మా పిల్లలు మాత్రం డబ్బా తెరవగానే ముందు వెతికేది ఏలూరు నుంచి మా అక్క పంపిన గుడ్డ పిచ్చుకని. దాన్ని ఎవరు కట్టాలన్న దాని మీద ఏటా గొడవే.

అల్లికల అత్తయ్య, పాలకొల్లు

అమ్మాయ్, తెగినవి పారేయకు. ఉతికిన తర్వాత కాదు, ఉతక్కముందే బాగు చెయ్యాలి. క్రోషా అల్లిక ఒక్క చోట తెగితే నీళ్లలో నానేటప్పుడు చైన్లు ఒకటొకటిగా ఊడుతూ పోతాయి. తెగిన చోట విడిపోయిన ఉచ్చు కనిపిస్తుంది కదా, దాన్ని సన్న సూదితో పట్టుకుని, అదే మందం తెల్లదారం రెండు సార్లు దూర్చి పక్క కుట్టుకి కట్టెయ్. కొస మీ అమ్మమ్మ దాచినట్టే కుట్ల లోపలికి తోసెయ్. కొత్త దారం తెల్లగా, పాతది గోధుమ ఛాయలో ఉంటే దాన్ని కాస్త టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టుకో. బాగా పాడైన పువ్వు ఒకటి విప్పదీస్తే దాని దారమే మిగతా వాటికి అతుకు వేసుకోవచ్చు. రంగు కూడా కలిసిపోతుంది. ఒకటి పోయినా మూడు నాలుగు నిలబడతాయి.

రాత సంగతి. కాగితం మీదైతే పెన్సిల్‌తో రాయించు. జెల్ పెన్ను చెమ్మకి పాకుతుంది, స్కెచ్ పెన్ను వెలుతురుకి వెలిసిపోతుంది. పెన్సిల్ గీత రబ్బరు పెట్టి తుడిస్తే తప్ప ఎటూ పోదు. మెత్తటి 2బి పెన్సిల్ అయితే వణికే చేతికి గట్టిగా నొక్కే పని ఉండదు.

కానీ కార్డు వేరు, పువ్వు వేరు అయిపోతాయి కదా. కార్డు ఏ పుస్తకంలోనో ఉంటుంది, పువ్వు చెట్టు మీద ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పువ్వు ఎవరు అల్లారో చెప్పడానికి ఎవరుంటారు? మన లేసంతా అలాగే పోయింది. మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి ఈ పని నేర్పి నూట యాభై ఏళ్లు దాటింది. చేతిపని ఒకావిడది, అతుకుపని ఇంకొకావిడది, అమ్మేది మరొకళ్లు. ఎక్కడెక్కడి దేశాల్లోనో భోజనాల బల్లల మీద మన గుడ్డలు పరిచి ఉన్నాయి, ఒక్క దాని మీదా అల్లినావిడ పేరు లేదు. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకు అన్న అధికారిక గుర్తింపు) వచ్చినప్పుడు మేమంతా చాలా సంతోషపడ్డాం. అది ఊరి పేరుకి వచ్చిన గౌరవం. మనిషి పేరు మనమే పెట్టుకోవాలి.

అందుకని ఇలా చెయ్యి. అర అంగుళం వెడల్పున్న తెల్ల నూలు నాడా తెచ్చి, రెండంగుళాల ముక్కలు కత్తిరించు. నాడాని అట్ట మీద పిన్నులతో బిగించి మీ అమ్మమ్మకి ఇచ్చి, పెన్సిల్‌తో తన పేరు, సంవత్సరం రాయమను. అక్షరం వంకర వచ్చినా దిద్దకు. దాని మీదుగా నీలం నూలు దారం ఒక్క పోగుతో కాడకుట్టు (స్టెమ్ స్టిచ్) కుట్టు. ఆవిడ గీత ఎటు పోతే నీ సూది కూడా అటే పోవాలి. దారాన్ని ముందే వేణ్ణీళ్లలో నానబెట్టి రంగు దిగడం లేదని చూసుకో. ఎరుపు మాత్రం వద్దు, తెల్ల లేసు పక్కన ఎరుపుని నమ్మలేం. కుట్టడం అయ్యాక నాడాని సగానికి మడిచి, వేలాడదీసే ఉచ్చులో దూర్చి, అడుగున రెండు టాకాలు వెయ్యి. పువ్వుతో పాటు ఉతకొచ్చు, గంజి పెట్టొచ్చు.

ఆవిడ ఒక్క రోజులో అన్నీ రాయలేదు, చెయ్యి నొప్పెడుతుంది. రోజుకి రెండు మూడు రాయించు. నవంబరులో మెల్బోర్న్‌ది వెళ్లాలన్నారు కాబట్టి ముందు వాళ్లది రాయించు. డబ్బా ఖాళీ అయ్యాక మళ్లీ దాన్నే వాడకండి, లోపల తుప్పు అలాగే ఉంది. అట్టపెట్టె ఒకటి తీసుకుని లోపల తెల్లగుడ్డ పరిచి, మిగిలిన పూలు అందులోకి మార్చు. మీ అమ్మమ్మ సూది కూడా అందులో ఉందేమో చూడు. ఉంటే తుడిచి, చుక్క కొబ్బరినూనె రాసి, విడిగా గుడ్డలో చుట్టిపెట్టు. మీ పాపకి ఫ్రోబెల్ నక్షత్రం అంత తొందరగా వచ్చిందన్నావు కదా, సెలవులకి పాలకొల్లు తీసుకురా. చైన్ కుట్టు నేను నేర్పుతాను.